శాసనం, చదువరి, జీవనేచ్ఛ: ‘వన్ పీస్’లో నికో రాబిన్ పాత్ర – మదనపల్లె, పుంగనూరు, కుప్పం శిలాస్మృతుల నేపథ్యంలో పరిశీలన

వ్యాససంగ్రహం:

ఎయిచిరో ఓడా రచించిన జపాన్ ధారావాహిక చిత్రకథ ‘వన్ పీస్’లోని నికో రాబిన్ నిషిద్ధ శిలాశాసనాలను చదవగల పురావస్తు పరిశోధకురాలు. ఆ చదువే ఆమెను ఎనిమిదేళ్ల వయసులో రాజ్యానికి శత్రువును చేసింది. ప్రస్తుత వ్యాసం ఈ పాత్రను ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి ప్రాంతమైన మదనపల్లె, పుంగనూరు, కుప్పం పరిసరాల శాసన, జానపద సంప్రదాయాల నేపథ్యంలో పరిశీలిస్తుంది. వీరగల్లు, మాస్తికల్లు, గంగమ్మ వేషాలు అనే మూడు స్థానిక ఆధారాలతో రాబిన్ పాత్రను పోల్చి, మరణాన్ని కీర్తించే స్మృతిశిలకు భిన్నంగా ఈ పాత్ర ‘చదువరి బతకడం’ అనే విలువను ఎలా ప్రతిపాదిస్తున్నదో వివరిస్తుంది. పాత్రచిత్రణలోని పరిమితులను కూడా చర్చిస్తుంది. పరిశీలనకు తులనాత్మక, స్త్రీవాద విమర్శ పద్ధతులను అనుసరించడం జరిగింది.

కీలకపదాలు: నికో రాబిన్, వన్ పీస్, శాసనం, వీరగల్లు, మాస్తికల్లు, గంగమ్మ, స్త్రీపాత్ర, తులనాత్మక పరిశీలన.

1. ఉపోద్ఘాతం

‘వన్ పీస్’ 1997 జులైలో జపాన్‌కు చెందిన షూయేషా సంస్థ ప్రచురించే ‘వీక్లీ షోనెన్ జంప్’ పత్రికలో ధారావాహికగా మొదలైంది. తోయి యానిమేషన్ సంస్థ రూపొందించిన అనిమే 1999 అక్టోబరులో ప్రసారం ఆరంభించింది. చిత్రకథ నూరు సంపుటాలు దాటి నేటికీ సాగుతోంది. లూఫీ అనే యువకుడు తన నౌకాబృందంతో మహానిధిని వెతుకుతూ సాగించే సాహసయాత్ర దీని బాహ్య కథావస్తువు. అయితే ఆ యాత్ర వెనుక మరొక అన్వేషణ నడుస్తుంది. చరిత్ర నుంచి చెరిపివేయబడిన ఒక శతాబ్దంలో ఏం జరిగింది? ఎవరు చెరిపారు? ఎందుకు చెరిపారు? ఈ ప్రశ్నల భారాన్ని కథలో ప్రధానంగా మోసే పాత్ర నికో రాబిన్.

ధారావాహిక సాహసకథ తెలుగు పాఠకునికి కొత్త కాదు. ‘చందమామ’లో దాసరి సుబ్రహ్మణ్యం రచించిన ‘తోకచుక్క’, ‘మకరదేవత’, ‘పాతాళదుర్గం’ వంటి ధారావాహికలు నెలనెలా బొమ్మలతో సహా పాఠకులను ఎదురుచూసేలా చేశాయి. అందువల్ల జపాన్ చిత్రకథను కేవలం విదేశీ వినోదంగా పక్కన పెట్టక, కథనరీతుల దృష్టితో పరిశీలించడానికి తెలుగులో తగిన భూమిక ఉంది.

ఈ పరిశీలనకు మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాన్ని నేపథ్యంగా ఎంచుకోవడానికి కారణం ఆ నేల స్వభావం. మదనపల్లె సమీపంలోని చిప్పిలిని రేనాటి చోళుల రాజధాని చిర్పులిగా చరిత్రకారులు గుర్తించారు. లభ్యమైన తొలి తెలుగు శాసనంగా పరిగణించబడుతున్న కలమళ్ల శాసనం ఆ రేనాటి చోళులదే. మదనపల్లె, పుంగనూరు పరిసరాల్లో వైదుంబ, బాణ, నొలంబ రాజుల కాలపు వీరగల్లులున్నాయి. కుప్పం తెలుగు, తమిళ, కన్నడ సీమలు కలిసే చోటు. కన్నడిగుల వీరగల్లు, తమిళుల నడుకల్ అక్కడ ఇరుగుపొరుగు పదాలు. ద్రావిడ భాషల అధ్యయనం కోసం 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం కుప్పంలో ఏర్పడడం ఈ భౌగోళికతకు తగిన ఫలితమే. రాయి మాట్లాడే నేల నుంచి, రాయిని చదివే పాత్రను చూడడం ఈ వ్యాసం చేసే ప్రయత్నం.

ఇక్కడ ఒక స్పష్టత అవసరం. ఓడా రాయలసీమ శిలాస్మృతులను ఎరిగి ఈ పాత్రను సృష్టించాడని ఈ వ్యాసం ప్రతిపాదించదు. ఇది ప్రభావ పరిశీలన కాదు, సామ్యభేద పరిశీలన. ఒక సంస్కృతి తన రాళ్లపై ఏం రాసుకుందో, మరొక సంస్కృతి తన కథలో రాళ్లపై ఏం ఊహించిందో పక్కపక్కన ఉంచి చూడడమే దీని పరిధి.

2. నికో రాబిన్ పాత్ర: కథాసంగ్రహం

రాబిన్ 114వ అధ్యాయంలో ప్రతినాయక పక్షంలో ప్రవేశిస్తుంది. బరోక్ వర్క్స్ అనే రహస్య సంస్థలో అధినేత క్రోకడైల్ తర్వాతి స్థానం ఆమెది. అప్పటికి ఆమెకు అసలు పేరు వినబడదు, మారుపేరే ఉంటుంది. అలబాస్టా కథాభాగం ముగిశాక 218వ అధ్యాయంలో ఆమె లూఫీ నౌకలో చేరుతుంది. చావును కోరుకున్న తనను బతికించినందుకు బాధ్యత వహించమని లూఫీని అడగడం ఆ చేరికలోని విలక్షణత. ఆ సమయానికి ఆ మాట హాస్యంగా వినిపిస్తుంది. దాని లోతు సుమారు 180 అధ్యాయాల తర్వాత గాని పాఠకునికి తెలియదు.

391వ అధ్యాయం నుంచి ఆమె బాల్యం వెల్లడవుతుంది. ఆమె జన్మస్థలం ఒహారా ద్వీపం. ఆ ద్వీపం నడుమ మహావృక్షంలో ప్రపంచంలోని గ్రంథాలన్నీ చేర్చిన గ్రంథాలయం ఉంటుంది. తల్లి ఒల్వియా శాసనాల అన్వేషణకై సముద్రయానం చేస్తూ రెండేళ్ల బిడ్డను బంధువుల ఇంట వదిలిపోతుంది. ఆ ఇంట్లో పనిపిల్లగా, తోటి పిల్లల్లో వింతప్రాణిగా పెరిగిన రాబిన్‌కు గ్రంథాలయమే ఇల్లు అవుతుంది. ఎనిమిదేళ్లకే పండితుల పరీక్షలో ఉత్తీర్ణురాలవుతుంది. నిషిద్ధ లిపిని ఎవరూ నేర్పకుండానే చాటుగా గమనించి నేర్చుకుంటుంది.

ప్రపంచ ప్రభుత్వం ‘పోనెగ్లిఫ్’ అనే శిలాశాసనాల అధ్యయనాన్ని మరణదండనార్హ నేరంగా ప్రకటించింది. ఒహారా పండితులు ఆ పని చేస్తున్నారని తెలియగానే నౌకాదళం ద్వీపాన్ని ఫిరంగులతో భస్మం చేస్తుంది. ఆచార్య క్లోవర్ చెరిపివేయబడిన రాజ్యం పేరు ఉచ్చరించబోయే క్షణంలో కాల్చివేయబడతాడు. పౌరులు ఎక్కిన నౌకను కూడా ఒక సేనాని ముంచివేస్తాడు. సౌల్ అనే మహాకాయుని త్యాగం వల్ల రాబిన్ ఒక్కతే తప్పించుకుంటుంది. ఎనిమిదేళ్ల పిల్ల తలపై ఏడుకోట్ల తొంభై లక్షల బెర్రీల వెల ప్రకటించబడుతుంది. ఆ తరువాత ఇరవై యేళ్లు ఆమె పరుగే.

398వ అధ్యాయంలో ఈ పాత్ర పతాకస్థితికి చేరుతుంది. సహచరులను కాపాడేందుకు తనను తాను శత్రువుకు అప్పగించుకున్న రాబిన్‌ను లూఫీ బృందం ఎనిస్ లాబీ వరకు వెంటాడి వస్తుంది. ప్రపంచమంతా తన శత్రువైనప్పుడు వీరైనా ఏదో ఒకరోజు తనను బరువుగా భావిస్తారని ఆమె భయం. లూఫీ ఆదేశంతో ప్రపంచ ప్రభుత్వ పతాకం దహించబడుతుంది. అప్పుడు ఆమె తనకు బతకాలని ఉందని, తనను కూడా సముద్రంలోకి తీసుకుపొమ్మని బిగ్గరగా కోరుతుంది.

3. పోనెగ్లిఫ్, శాసనం: రాయికి రక్షణ, చదువరికి శిక్ష

శాసన సంప్రదాయంలో రాయి తనను తాను కాపాడుకునే ఏర్పాటు ఒకటుంది. దానశాసనాలు, అనేక వీరగల్లులు శాపవాక్యంతో ముగుస్తాయి. ఈ ధర్మాన్ని చెరిపినవారికి వారణాసిలో గోవులను చంపిన పాపం తగులుతుందని హెచ్చరిస్తాయి. శాసనకర్తకు తెలుసు, రాతి కంటే రాజ్యం ముందు నశిస్తుందని. రాజు లేనప్పుడు రాయిని కాపాడవలసింది పాపభీతి. చదివినవాడికి ఏ శాపమూ లేదు, చెరిపినవాడికే ఉంది.

ఓడా ఊహించిన లోకంలో ఈ సంబంధం తలకిందులవుతుంది. పోనెగ్లిఫ్ దేనికీ పగలని శిల. దాన్ని చెరపడం ఎవరి తరమూ కాదు. కాబట్టి చరిత్రను చెరపదలచిన రాజ్యానికి ఒకే దారి మిగిలింది, చదివేవారిని చెరపడం. రాయిని కాపాడే శాపం స్థానంలో చదువరిని వేటాడే శిక్ష వచ్చింది. రాబిన్ పాత్ర ప్రాముఖ్యమంతా ఈ ఒక్క విలోమంలో ఉంది. ఆమె ఆయుధం ధరించినందుకు కాక అక్షరజ్ఞానం వల్ల అపరాధిని. ఆమె మరణిస్తే రాళ్లన్నీ ఉన్నచోటనే ఉంటాయి, కాని మూగవవుతాయి.

ఈ ఊహ స్థానిక వాస్తవాన్ని మరొక వైపు నుంచి చూపుతుంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతంలో శాసనం చదవడం నేరం కాదు. అయితే రాయి అభేద్యం కూడా కాదు. ‘మదనపల్లె వైట్’, ‘కుప్పం గ్రీన్’ అనే పేర్లతో గ్రానైటు వ్యాపారంలో చలామణీ అయ్యే రాళ్లు ఈ నేలవే. రాయికి అంగడిలో వెల ఉన్న చోట, అక్షరం చెక్కిన రాయికి ఆ అక్షరం వల్ల అదనపు విలువ కలగాలంటే దాన్ని చదివేవారు ఉండాలి. చదివేవారు లేని శాసనం పశువులను కట్టే గుంజగానో, గుడిమెట్టుగానో, బట్టలు ఉతికే బండగానో మారడం తెలుగునేలపై శాసన పరిశోధకులకు సుపరిచితమైన అనుభవం. రాజ్యనిషేధం సాధించేదాన్ని ఉపేక్ష కూడా సాధించగలదు. ఒహారాలో ఒక్కరోజులో జరిగినది మరొక చోట మూడు తరాల్లో జరగవచ్చు.

రాబిన్ చదువులో మరొక కోణం ఉంది. అలబాస్టా రాజసమాధి కింద ఉన్న శిలను ఆమె చదువుతుంది. అందులో ప్రాచీన మారణాయుధం గురించిన సమాచారం ఉంది. క్రోకడైల్ అడిగినప్పుడు ఆమె అది చెప్పక, కేవలం గతకాలపు వృత్తాంతమని అబద్ధమాడుతుంది. శాసన పఠనం అంటే లిపిని విప్పడం మాత్రమే కాదు. చదివినదాన్ని ఎవరికి, ఎందుకు అందించాలో నిర్ణయించుకోవడం కూడా అని ఈ సన్నివేశం ధ్వనింపజేస్తుంది. చదువరి నైతిక బాధ్యతను ఒక సాహసకథ ఇంత సూక్ష్మంగా సూచించడం గమనార్హం.

4. వీరగల్లు కీర్తించే మరణం, రాబిన్ కోరే జీవనం

వీరగల్లు మరణానికి కట్టిన స్మారకం. కొన్నింటిలో శిల్పం మూడు అంతస్తులుగా ఉంటుంది. కింద యుద్ధం, నడుమ వీరుని ఇరువైపులా పట్టి స్వర్గానికి తీసుకుపోయే అప్సరసలు, పైన దైవసన్నిధి. చాలా వాటిలో ఆయుధం ధరించిన వీరుడొక్కడే కనిపిస్తాడు. రాత క్లుప్తం: ఏ రాజు ఏలుబడిలో, ఏ పోరులో, ఎవరు పొడిచి పడ్డారో అంతే. వైదుంబులు, బాణులు ఒకవైపు, గంగ–నొలంబులు మరొకవైపు నిలిచిన సోరెమడి యుద్ధాన్ని ఈ ప్రాంతపు వీరగల్లులు స్మరిస్తాయి. వైదుంబ గండత్రినేత్రుని పేరు ఆ రాళ్ల వల్ల నిలిచింది. గోగ్రహణంలో ఊరి పశువులకోసం పడిన సామాన్యుల పేర్లు కూడా ఇటువంటి రాళ్ల వల్లనే మిగిలాయి. ఆ దృష్టితో వీరగల్లు ప్రజాస్వామికమైన శాసనం. రాజు కానివాడు రాతికెక్కడానికి ఉన్న దారి అది. కాని ఆ దారి చావు మీదుగానే పోతుంది.

ఎనిస్ లాబీ వరకు రాబిన్ నడిచిన దారి సరిగ్గా వీరగల్లు దారి. ఆరుగురు సహచరులు క్షేమంగా వెళ్లిపోవాలన్న షరతుపై తాను బలి కావడానికి ఆమె సిద్ధపడింది. కథ అక్కడ ఆగి ఉంటే ఆమె త్యాగమూర్తి అయ్యేది, పాఠకుడు కన్నీరు పెట్టుకుని ఆ పాత్రకు మనసులో ఒక రాయి నిలిపేవాడు. సంప్రదాయ కథల్లో స్త్రీపాత్రకు దక్కే అత్యున్నత గౌరవం తరచుగా అదే. ఓడా ఆ గౌరవాన్ని నిరాకరించాడు.

రసదృష్టితో చూసినా ఈ ఘట్టం విశిష్టమైనది. ఒహారా దహనం నుంచి పోగుపడిన శోకం కరుణానికి స్థాయి. వీరానికి స్థాయి ఉత్సాహం. సాధారణంగా వీరగాథలో ఉత్సాహం ముందు, శోకం తరువాత. వీరుడు పోరాడతాడు, పడతాడు, బంధువులు విలపిస్తారు. ఇక్కడ శోకమే ముందు నడిచి, చివరకు ఉత్సాహంగా పరిణమిస్తుంది. ఆ ఉత్సాహానికి విషయం యుద్ధమో, దానమో, ధర్మమో కాదు, జీవనం. బతకాలనుకోవడం వీరకార్యమయ్యే పరిస్థితి ఎవరికి వస్తుంది? బతికి ఉండడమే నేరమని చెప్పబడినవారికి వస్తుంది. ఆ కారణం వల్లనే ఆమె కోరిక పిరికితనంగా కాక ధిక్కారంగా వినిపిస్తుంది.

మరొక అంశం, ఆమెను రక్షించడానికి వచ్చినవారు ముందుగా ఆమె అభిలాషను అడగడం. బాలనాగమ్మ కథలో మాయలఫకీరు చెరలో ఉన్న నాయిక నోము పేరిట గడువు సంపాదించి తన శీలాన్ని కాపాడుకుంటుంది. కొడుకు బాలవర్ధిరాజు పెరిగి పెద్దవాడై వచ్చి విడిపిస్తాడు. బాలనాగమ్మ యుక్తి తక్కువది కాదు. అయితే ఆమెకు విముక్తి కావాలా అన్న ప్రశ్న ఆ కథలో పుట్టదు, ఎందుకంటే జవాబు పాతివ్రత్యంలోనే ఇమిడి ఉంది. రాబిన్ విషయంలో జవాబు ముందుగా తెలియదు. ఆమె నిజంగానే చావును కోరుకుంటున్నది. అందుచేత ఆమె నోటి మాట లేకుండా రక్షణ అసంపూర్ణం. స్త్రీపాత్ర సమ్మతిని కథాగమనానికి కీలకం చేయడం ఈ ఘట్టంలోని శిల్పవిశేషం.

5. మాస్తికల్లు చేయి, పుష్పించే చేతులు

కన్నడ, ఆంధ్ర సరిహద్దు సీమల్లో వీరగల్లుకు తోడుగా కనిపించే మరొక స్మృతిశిల మాస్తికల్లు. మహాసతి శబ్దభవమైన ‘మాస్తి’ సహగమనం చేసిన స్త్రీని సూచిస్తుంది. వీటిలో ఒక రకం శిల్పంలో స్త్రీరూపం పూర్తిగా ఉండదు. ఒక స్తంభం నుంచి మోచేతి వద్ద వంగి పైకి లేచిన కుడిచేయి మాత్రమే ఉంటుంది. చేతినిండా గాజులు, కొన్నిచోట్ల వేళ్ల నడుమ నిమ్మపండు. గాజులు చెదరకపోవడం ఆమె ముత్తయిదువతనానికి చిహ్నం. ముఖం, పేరు, పలుకు అన్నీ పోయి, ఒక మనిషి ఒక చేతిగా మిగలడం ఈ శిల్పంలోని విషాదం. వీరగల్లులో పురుషుడు ఆయుధంతో నిలుస్తాడు. మాస్తికల్లులో స్త్రీ ఆశీర్వదిస్తున్న చేయిగా నిలుస్తుంది.

రాబిన్‌కు కథలో లభించిన అతీతశక్తి పుష్పశక్తి. తన అవయవాలను ఏ తలంపైనైనా పూయించగలదు. గోడల నుంచి, నేల నుంచి, శత్రువు భుజాల నుంచి ఆమె చేతులు మొలుస్తాయి. పని ముగియగానే పూరేకులై రాలిపోతాయి. స్తంభం నుంచి మొలిచిన స్త్రీ హస్తం అనే దృశ్యం రెండుచోట్లా సమానమే. అర్థం మాత్రం భిన్నం. మాస్తికల్లులో దేహమంతా పోగా చేయి మిగిలింది. రాబిన్ విషయంలో దేహం నిలిచి ఉండగా చేతులు పెరిగాయి. మొదటిది ఒక స్త్రీ తగ్గిపోయిన తీరు, రెండవది ఒక స్త్రీ విస్తరించిన తీరు. ఆ చేతులు ఆశీర్వదించవు. పట్టుకుంటాయి, అడ్డుకుంటాయి, పుస్తకం పేజీ తిప్పుతాయి.

బాల్యంలో ఇదే శక్తి ఆమెను తోటి పిల్లల నుంచి వెలివేయించింది. అసాధారణమైన స్త్రీదేహం పట్ల సమాజం చూపే భయం, పూజ రెండూ ఒకే మూలం నుంచి వస్తాయని మాస్తికల్లును, రాబిన్ బాల్యాన్ని కలిపి చూచినప్పుడు బోధపడుతుంది. పూజించినా వెలివేసినా, ఆ స్త్రీతో మాట్లాడవలసిన అవసరం సమాజానికి తప్పిపోతుంది.

6. మారువేషం: గంగమ్మ, రాబిన్

పుంగనూరులో సుగుటూరు గంగమ్మ, కుప్పంలో తిరుపతి గంగమ్మ జాతరలు ఈ ప్రాంత సాంస్కృతిక జీవనంలో ప్రధానమైనవి. తిరుపతి గంగమ్మ గాథలో స్త్రీలను చెరబట్టే పాలెగాడు అమ్మవారికి భయపడి దాక్కుంటాడు. అతణ్ణి వెతుకుతూ గంగమ్మ బైరాగి, తోటి, దొర మొదలైన వేషాలు ధరిస్తుంది. దొరవేషాన్ని చూసి నిజమని నమ్మి బయటపడ్డ పాలెగాడిని సంహరిస్తుంది. జాతరలో పురుషులు స్త్రీవేషాలు వేసి మొక్కు చెల్లించుకోవడం ఈ గాథ కొనసాగింపు.

రాబిన్ జీవితం కూడా వేషాలమయం. ఇరవై యేళ్లలో ఆమె అనేక ముఠాల్లో చేరింది, ఆశ్రయమిచ్చినవారు పట్టివ్వబోతే తప్పించుకుంది, పేరు మార్చుకుంది. అయితే గంగమ్మ వేషం వేటగత్తె వేషం, రాబిన్‌ది వేటాడబడుతున్న మనిషి వేషం. గంగమ్మ వేషం వేసినప్పుడు దాక్కున్నది పాలెగాడు. రాబిన్ వేషం వేసినప్పుడు దాక్కున్నది ఆమే. అధికారం ఎవరి పక్షాన ఉన్నదో వేషం స్వభావం దాన్నిబట్టి మారుతుంది.

ఈ భేదం ఎనిస్ లాబీ తరువాత తగ్గుతుంది. పతాకదహనం తరువాత రాబిన్‌కు మారుపేరు అవసరం లేదు. ‘దయ్యపు పిల్ల’ అని రాజ్యం పెట్టిన పేరును ఆమె కాలక్రమంలో తన బలంగా స్వీకరిస్తుంది. వానో కథాభాగంలో బ్లాక్ మరియాతో పోరాడుతూ రాక్షసాకారం దాల్చడం ఇందుకు నిదర్శనం. భయపెట్టిన పేరునే వేషంగా ధరించి ఎదుటివారిని భయపెట్టడం గంగమ్మ పద్ధతికి చేరువైనది. ఉగ్రరూపం దేవతకైతే పూజ్యం, మనిషికైతే నింద్యం అన్న విభజనను ఈ సన్నివేశం ప్రశ్నిస్తుంది.

7. పాత్రచిత్రణలో పరిమితులు

ఇంత గంభీరమైన పాత్రకు రచయిత అన్నిచోట్లా న్యాయం చేశాడని చెప్పలేం. మొదటి పరిమితి, ఎనిస్ లాబీ తరువాత చాలాకాలం రాబిన్ కథను నడిపించే పాత్రగా కాక కథకు అవసరమైనప్పుడు శిలను చదివిపెట్టే పాత్రగా కుదించబడడం. చదివిన విషయం కథానాయకుని యాత్రకు దారి చూపుతుంది, కాని చదువుతున్న మనిషి ఆలోచన పాఠకునికి అందదు. లూఫీ నిధి చరిత్రపై ఆసక్తి చూపడు. రాబిన్ ఆసక్తికి సంభాషణా భాగస్వామి బృందంలో లేదు.

రెండవది దృశ్యపరమైనది. రెండేళ్ల విరామం తరువాతి కథాభాగాల్లో స్త్రీపాత్రల దేహాల చిత్రణ అతిశయోక్తిని దాటి ఏకరూపమైంది. ముప్పై యేళ్ల పండితురాలికి, ఇరవై యేళ్ల నావికురాలికి దేహరేఖలో భేదం కనిపించదు. అనిమేలో మొదట చామనఛాయలో కనిపించిన రాబిన్ ఆ విరామం తరువాత తెల్లని ఛాయకు మారడం కూడా గమనించవలసిన అంశం. నల్లని రాతిలో దేవతను చెక్కుకున్న నేల నుంచి చూసే విమర్శకులకు ఈ మార్పు అప్రధానంగా తోచదు. పాత్ర అంతరంగంలో సాధించిన విశిష్టతను చిత్రం బాహ్యంలో కొంత కోల్పోయింది.

మూడవది, ఒల్వియా పాత్ర. చదువుకోసం బిడ్డను విడిచిన తల్లిని కథ నిందించదు, అది మెచ్చదగినది. కాని ఆ నిర్ణయం వెనుక సంఘర్షణకు తగిన అవకాశం ఇవ్వలేదు. కూతురిని కాపాడేందుకు ఆమె తన తల్లి కాదని చెప్పే ఘట్టం తీవ్రమైనదే అయినా, ఆ తీవ్రత రాబిన్ దుఃఖానికి ఉపకరిస్తుంది, ఒల్వియాను ఒక వ్యక్తిగా నిలపదు.

ఈ పరిమితులు ఉన్నా, కథ ఒక ముఖ్యమైన బాకీని తీర్చింది. ఒహారా పండితులు మంటల్లో చనిపోతూ గ్రంథాలను సరస్సులో విసిరారు. ఎల్బాఫ్ మహాకాయులు వాటిని వెలికితీసి తమ దేశానికి చేర్చారని 2022లో వెలువడిన అధ్యాయంలో తెలుస్తుంది. మరణించాడనుకున్న సౌల్ జీవించి ఉండడం, రాబిన్ అతణ్ణి కలుసుకోవడం ఎల్బాఫ్ కథాభాగంలో జరుగుతాయి. ఇరవై యేళ్లకు పైగా తానొక్కతే మిగిలానని నమ్మిన చదువరికి, తనతోపాటు పుస్తకాలూ మిగిలాయని తెలియడం ఈ పాత్రకు లభించిన నిజమైన ఫలశ్రుతి.

8. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

• శాసన సంప్రదాయం రాయిని శాపంతో రక్షించగా, ‘వన్ పీస్’ లోకంలో రాయి అభేద్యమై చదువరి శిక్షార్హురాలవుతుంది. ఈ విలోమమే రాబిన్ పాత్రకు మూలాధారం.

• వీరగల్లు మరణం ద్వారా స్మృతిని ప్రసాదిస్తుంది. రాబిన్ పాత్ర జీవించడం ద్వారా స్మృతిని నిలుపుతుంది. ఆమె బతకాలనుకోవడం వ్యక్తిగత కోరిక మాత్రమే కాక ఒక లిపి, ఒక చరిత్ర బతకడం.

• మాస్తికల్లులోని చేయి స్త్రీ అస్తిత్వం కుదించబడిన రూపం కాగా, రాబిన్ చేతులు విస్తరించిన అస్తిత్వానికి ప్రతీకలు.

• గంగమ్మ వేషాలతో పోల్చినప్పుడు, వేషం అర్థాన్ని నిర్ణయించేది అధికారస్థానమని స్పష్టమవుతుంది. రాబిన్ పలాయన వేషం నుంచి ధిక్కార వేషానికి ప్రయాణించింది.

• పాత్ర అంతరంగ చిత్రణకు, దృశ్య చిత్రణకు మధ్య పొంతన లోపించడం ప్రధాన పరిమితి.

సోరెమడి యుద్ధంలో పడినవారి పేర్లు పదకొండు శతాబ్దాల తరువాత కూడా తెలుస్తున్నాయంటే అందుకు కారణం రాయి ఒక్కటే కాదు. ఆ రాయిపై తడి కాగితం పరచి, కుంచెతో అద్ది, సిరా పూసి, అచ్చు తీసి, అక్షరం అక్షరం విడదీసిన చదువరులు ఉన్నారు. నేడు తెలుగు శాఖల్లో శాసనభాషాధ్యయనం ఎంతమందిని ఆకర్షిస్తున్నదన్నది ఆచార్యులందరూ వేసుకోవలసిన ప్రశ్న. ఒక జపాన్ చిత్రకథలోని పండితురాలిని అభిమానించే విద్యార్థికి, ఆమె చేసే పని తన ఊరి పొలిమేరలోని రాతివద్ద తానూ చేయవచ్చని చెప్పగలిగితే, ఈ పాత్రను తరగతి గదిలోకి తేవడానికి ఆ ఒక్క ప్రయోజనం చాలు. శాసనం మిగిలితే చాలదు; దాన్ని చదివేవారూ మిగలాలి.